గుమ్మం దిగిన కలబంద

మా చెల్లె సుజాత స్టూలు ఎక్కి, గుమ్మం పైన మేకుకు కట్టి ఉన్న తాడును కొడవలితో కోసింది. ఆ తాడుకు తలకిందులుగా వేలాడుతున్న కలబంద కింద నిలబడ్డ నా దోసిట్లో పడింది. ఎండిన జొన్నరొట్టె ముక్కంత బరువు కూడా లేదు. ఆకులు వేలంత సన్నబడి, అంచుల దగ్గర ఎర్రబారి, పైకి వంకర తిరిగి ఉన్నాయి. సుజాత భర్త, మా మరిది, చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి, లోపల మంచం మీద కూర్చునే దాకా సుజాత కొడవలి ముట్టలేదు. "ఆయన ప్లాంటుల ఉండంగ నేనిది దించనక్కా. నా కండ్ల ముంగట ఉండాలె" అని ముందే చెప్పింది. ఆయన చాయ్ తాగుతూ లోపలి నుంచే, "వదినా, ఇన్నొద్దులు నన్ను కాపాడింది గా కలమందనా, నా నెత్తి మీది టోపీనా? జర తేల్చి చెప్పుండ్రి" అన్నాడు. "నువ్వు చాయ్ తాగు. గడప దాటినవంటే కాళ్లిరగ్గొడ్త" అంది సుజాత. తర్వాత స్టూలు దిగి, ఖాళీ మేకు వైపు చూసి, "ఇల్లు బోడిగైందక్కా" అని చిన్నగా అంది.

కొత్త ఇంటికి కలబంద కట్టడం మా వైపు అందరికీ తెలిసిన సంగతే. మా ఊరి మాటలో అది కలమంద. దిష్టికి కడతారు, మంచికి కడతారు, పక్కింటివాళ్లు కట్టారని కూడా కడతారు. కట్టినదాన్ని దించడం మాత్రం ఎవరూ చేయరు. అది ఎండి రాలిపోయి ఉత్త తాడు మిగిలినా అలాగే వదిలేస్తారు. భూపాలపల్లిలో భర్తను గదిలో కూర్చోబెట్టి మరీ సుజాత దాన్ని ఎందుకు కోసిందో చెప్పాలంటే, మా మేనత్త కొంరవ్వ గురించి చెప్పాలి.

మా నాయినకు కొంరవ్వ అత్త ఒక్కతే చెల్లెలు. పెళ్లయి అత్తగారింటికి వెళ్లిన కొన్నాళ్లకే భర్త జ్వరంతో పోయాడు. ఆ ఇంటి గుమ్మానికి పెళ్లినాడు కట్టిన కలబంద ఒకటి ఉండేదట. కర్మకాండలు అయిపోయాక ఆమె అత్తగారు దాన్ని తెంపి పెంటకుప్ప మీదికి విసిరేసి, "కాపాడనిది ఇంటి మీద ఎందుకు" అందట. ఆ మాట చెట్టును అన్నదో తనను అన్నదో అప్పుడు తెలియలేదని కొంరవ్వ అత్త మాకు నవ్వుతూ చెప్పేది. నాయిన ఎడ్లబండి కట్టుకుని ఆమెను తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఆమె బండి ఎక్కబోయి, తిరిగి వెళ్లి, పెంటకుప్ప మీది కలబందను ఏరుకుని మూటలో పెట్టుకుంది. "గిదెందుకే?" అన్నాడట నాయిన. "దీన్ని గూడ ఎల్లగొట్టిండ్రు. నాతోటే రానియ్యన్నా" అందట. నాయిన చుట్ట ముట్టించి బండి తోలుకొచ్చాడు.

మా ఊరు జనగామ వైపు, దేవరుప్పులకు దగ్గర. మా వాకిలి దాటితే మొరం నేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. అక్కడ గోడ పక్కన, వాన నీళ్లు నిలవని ఎత్తు చోటు చూసి అత్త ఆ మొక్కను పెట్టింది. నాకు ఊహ తెలిసేనాటికి ఆ ఒక్కటీ గోడ పొడుగునా పాకి, రాళ్ల మధ్య బూడిదరంగు పచ్చదనంతో గుంపులు గుంపులుగా పెరిగి, "కొంరవ్వ కంచె" అనే పేరు సంపాదించుకుంది. సన్నటి ఆకులు, గట్టి ముళ్లు. చలికాలం చివర పొడుగాటి కాడలు వేసి పసుపు పూలు పూసేది. మా ఇంటి పొద్దు అత్తతోనే లేచేది. వాకిట్లో పేడనీళ్లు కలిపి సాన్పి చల్లిన వాసన, దాని వెంట నాయిన చుట్ట పొగ, దాని వెంట పెనం మీద మాడే జొన్నపిండి వాసన. ఈ మూడూ వరుసగా వస్తేనే తెల్లవారినట్టు. అమ్మ రొట్టె చేస్తుంటే అత్త కంచె దగ్గర చేరి, ఆకుల మధ్య పడ్డ చెత్త ఏరుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. మాతో కాదు, మొక్కలతో. అమ్మకు ఒళ్లు మండేది. "అన్నం పెట్టని చెట్టుకు గింత ముద్దా కొంరవ్వా?" అనేది. "అన్నం అడగని చెట్టు గూడ గిదే వదినా" అని అత్త తల తిప్పకుండానే జవాబు చెప్పేది. వదినా మరదళ్ల ఈ మాట ఎన్నిసార్లు విన్నా మాకు విసుగు పుట్టేది కాదు.

ఇంట్లో నీళ్లకు ఒక వరుస ఉండేది. చేదబావి ఎండాకాలంలో అడుగంటేది కాబట్టి ఆ వరుసను ఎవరూ తప్పేవారు కాదు. ముందు తాగడానికి, తర్వాత గొడ్లకు, తర్వాత స్నానాలకు. స్నానం చేసిన నీళ్లు బీరపాదుకు. అక్కడితో ఆఖరు. కలబందకు వరుసలో చోటే లేదు. అదేమీ నిర్లక్ష్యం కాదని, అత్త కావాలనే అలా ఉంచిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పిల్లమొక్కను తల్లి నుంచి వేరు చేయడం ఆమెకు పెద్ద పని. పుల్లతో మట్టి తోడి, పిల్లకూ తల్లికీ మధ్య ఉన్న కాడను వెతికి, కొడవలితో బొడ్డు కోసినట్టు కోసేది. కోయగానే పచ్చి ఉల్లికాడకూ చెమటకూ మధ్యరకం వాసన వచ్చేది. పసుపు పచ్చటి చేదు పసరు కారేది. ఆ గాటుకు పొయ్యిలోని బూడిద అద్ది, చూరు కింద నీడన గూనపెంకు మీద పడుకోబెట్టేది. గాటు మీద చర్మం కట్టేదాకా దానికి మట్టి చూపించేది కాదు. పచ్చి గాయంతో పాతితే కుళ్లుతుందనేది. తర్వాత మొరం, వాగు ఇసుక, పిడికెడు మేకపెంట కలిపి పాతేది. అప్పుడు కూడా నీళ్లు పోయనిచ్చేది కాదు. "దూపైతెనే వేరు ఎతుకులాడుతది. నోటికాడికి నీళ్లు తెచ్చి పెడితే అదెందుకు పోతది మట్టిలకు?" అనేది.

ఈ పద్ధతికి ఇంట్లో ఒకే ఒక శత్రువు ఉండేది, మా సుజాత. అప్పటికి చాలా చిన్నది. అత్త పాతి లోపలికి వెళ్లగానే పిల్లమొక్కను మెల్లగా పైకి లాగి, వేరు వచ్చిందా అని కింద చూసి, మళ్లీ గుచ్చి వచ్చేది. ఒకరోజు అత్త చూడనే చూసింది. "ఏందే గది?" అంది. "వేరొచ్చిందో లేదో సూస్తున్న అత్తమ్మా" అని సుజాత మట్టి చేతులు వెనక్కి దాచింది. "నిన్ను గూడ ఊకె లేపి, నిద్రవట్టిందా బిడ్డా, నిద్రవట్టిందా బిడ్డా అని అడగాల్నా? అడిగితె పడ్తదా నిద్ర?" అంది అత్త. అమ్మ రొట్టెలు వదిలేసి నవ్వింది. ఆ తర్వాత సుజాత లాగడం మానేసింది గానీ, పక్కన బోర్లా పడుకుని, మట్టికి చెవి ఆనించి వినడం మొదలుపెట్టింది.

ఊళ్లో అందరికీ కొంరవ్వ కంచెతో పని పడేది. కాలిన చేతులకు గుజ్జు, పాలు మానిపించాల్సిన పసిపిల్లల తల్లులకు చేదు పసరు, కొత్త ఇళ్లకు గుమ్మం కలబంద. ఇల్లు కట్టుకున్నవాళ్లు మా వాకిట్లోకి వచ్చి, "కొంరవ్వా, మంచి పిల్లనియ్యి" అని అడిగేవారు. ఆమె వాళ్ల ఇల్లు ఏ దిక్కుందో, ఎండ ఏ పక్క పడుతుందో అడిగి, ఎంచి ఇచ్చేది. ఇచ్చి కంచె ఇవతలే ఉండిపోయేది. గుమ్మానికి కట్టే వేళకు ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. ఆమె పెంచిన మొక్క గుమ్మం మీదికి కావాలి, భర్త లేని ఆమె చెయ్యి తాడు ముట్టరాదు. ఆ మాట ఎవరూ నోరు తెరిచి అనలేదు, ఎవరూ దాటలేదు కూడా. సాయంత్రం ఆ వీధిన వెళ్లేటప్పుడు తల ఎత్తి ఆ ఇంటి గుమ్మం వైపు చూసి, ముడి వదులుగా ఉందో బిగుతుగా ఉందో మాత్రం మాకు చెప్పేది. "గట్ల బిగేసి కడ్తె మెడ తెగదా" అనేది. అంతకు మించిన ఫిర్యాదు ఆమె నోట నేను వినలేదు.

నేను పేపర్ ఉద్యోగంలో చేరాక చాలా కాలం ఎండిన బావుల వార్తలే రాశాను. మా వైపు విలేకరికి అప్పట్లో అంతకన్నా పెద్ద వార్త ఉండేది కాదు. సెలవుకు ఊరికి పోయినప్పుడు పాత పేపర్లు కట్టగట్టి తీసుకెళ్లేదాన్ని. అత్తకు చదువు రాదు. ఆ పేపర్లలో పిల్లమొక్కలు చుట్టి ఇచ్చేది. నా రాతల్లో ఆమెకు పనికొచ్చింది కాగితమే. అయినా ఎవరికైనా ఇచ్చేటప్పుడు, "మా బిడ్డ పేపరు. మంచిగ గాలాడుతది" అని చెప్పేది. నాకు దక్కిన మెచ్చుకోళ్లలో నేను మరిచిపోనిది అదొక్కటే.

సుజాత భూపాలపల్లిలో ఇల్లు కట్టుకున్నప్పుడు కొంరవ్వ అత్త ఊరి నుంచి ఒక పిల్లమొక్కను చూసి చూసి తెచ్చింది. గృహప్రవేశం నాడు దాన్ని మా మరిది తల్లి చేతికి ఇచ్చి, అలవాటు ప్రకారం వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. సుజాత చూసింది. స్టూలు తెచ్చి అత్త ముందు వేసింది. "ఎక్కు అత్తమ్మా, నువ్వే కట్టు" అంది. అత్త బెదిరిపోయింది. "నీకేమన్న మతివోయిందానే? శుభమా అని ఇల్లు కట్టుకొని..." అని గొణిగింది. వచ్చిన చుట్టాల్లో కొందరు గొంతు సవరించుకున్నారు. "నా ఇల్లు. నా దర్వాజ. నువ్వు కడ్తె కట్టు, లేకుంటె వట్టిగనే ఉంటది" అంది సుజాత. చివరికి మా మరిది తల్లే, "ఎక్కక్కా, పిల్ల ఇనేటట్టు లేదు" అని అత్త చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఊళ్లో అన్ని గుమ్మాలకు మొక్కలిచ్చిన మనిషి తన చేత్తో కట్టిన మొదటి కలబంద అదే. ముడి వేసి, లోపల వేలు పెట్టి వదులు చూసుకుంది. "వదులుగ కట్టిన, మెడ తెగదు" అని దిగాక ఎవరూ అడగకుండానే చెప్పింది.

ఆ తర్వాత ఆమె చూపు మందగించింది. మోకాళ్లు మొరాయించాయి. నేను ఉద్యోగం మానేసి మహబూబాబాద్‌లో స్థిరపడ్డాను కాబట్టి, దవాఖాన దగ్గరని నాతో తీసుకొచ్చాను. ఊళ్లో ఇల్లూ పొలమూ తమ్ముడు యాదగిరి చూసుకుంటున్నాడు. ఇప్పుడు మా వైపు చెరువుల్లోకి కాలువ నీళ్లు వస్తున్నాయి. దేవరుప్పుల రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా వరి. ఎండిన బావుల వార్తలు రాసిన నాకు ఆ పచ్చదనం చూసినప్పుడల్లా బస్సులో ఊరికే నవ్వొస్తుంది. నీళ్లు వచ్చిన ఆనందంలోనే యాదగిరి కూరగాయల మడికి డ్రిప్పు వేశాడు. వేసినవాడు అక్కడితో ఆగక, ఒక పైపును గోడ వారగా కొంరవ్వ కంచె పొడుగునా పరిచాడు. రాళ్లు తీసేసి, నల్లమట్టి పోసి మరీ పరిచాడు. తొలి నెలల్లో ఆకులు బొద్దుగా ఉబ్బితే ఫొటోలు తీసి పంపాడు. ఆ వానాకాలం వెళ్లేలోపు మొదళ్లు మెత్తబడి, గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చాయి. గోడ పొడుగునా ఒక్కటి మిగల్లేదు. వాడే నాకు ఫోన్ చేశాడు. "అక్కా, మన బతుకంత దానికి నీళ్లు వొయ్యలే. మనిషికి నీళ్లొచ్చినయి, గొడ్డుకొచ్చినయి, దానికి మాత్రం ఎందుకు రావొద్దనుకున్న" అన్నాడు. నీళ్ల వరుసలో దానికి ఎన్నడూ చోటు దొరకలేదని వాడు కూడా చిన్నప్పటి నుంచి మనసులో పెట్టుకున్నాడన్నమాట. కరువు తెలిసిన ఇంట్లో పుట్టినవాడే చేయగలిగిన పొరపాటు అది.

అత్తకు నేనే చెప్పాను. ఆమె అంతా వింది. తర్వాత, "వాడు ప్రేమతోనే పోసిండు. వాన్నేమనకు" అంది. పాత మొక్క ఎక్కడైనా మిగిలిందేమోనని యాదగిరి ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాడు. ఆమె ఇచ్చిన మొక్కలున్న పాత గుమ్మాలు చాలామట్టుకు పడిపోయి, కొత్త ఇళ్లు లేచాయి. కొత్త ఇళ్లకు నర్సరీ కలబందలు. చివరికి వాడు కూడా ఒక నర్సరీ మొక్క కొని, కుండీతో సహా మా ఇంటికి తెచ్చాడు. అత్త దాని ఆకులు వేళ్లతో తడిమింది. వెడల్పుగా, మెత్తగా, నీళ్లు నిండి ఉన్నాయి. "మంచిగున్నది బిడ్డా. మనింటిది గాదు గని, దీన్ని గూడ ఉంచు. పాపం, మనల్ని నమ్మి వచ్చింది" అంది. రోజూ పొద్దున దాని పక్కనే కూర్చునేది. దానితో మాట్లాడేది కాదు.

ఇక మిగిలింది భూపాలపల్లి గుమ్మానిది ఒక్కటే. దాన్ని దించి మళ్లీ పాతాలన్న మాట మేం ముగ్గురు తోబుట్టువులమూ మనసులో అనుకున్నాం గానీ చాలా రోజులు ఎవరం ఎత్తలేదు. చివరికి ఎత్తాక సుజాతకున్న అడ్డు ఒకటి కాదు. భర్త ప్లాంటులో పని. అది వేలాడుతున్నన్నాళ్లూ ఆయనకు చిన్న గీత కూడా పడలేదని ఆమె లెక్క. అంతకు మించి, అది అత్త చేత్తో కట్టింది. అత్త కూడా వద్దంటే వద్దంది. "నేను కట్టింది ఒక్కటి ఉండనియ్యండ్రి" అంది. ఒకసారి ఫోన్లో సుజాత, "అత్తమ్మా, అది ఇంకెన్నొద్దులు బతుకుతది?" అని అడిగింది. నేను స్పీకర్ పెట్టాను. అత్త కొంచెం ఆలోచించి, "దానికి నీళ్లెక్కడియి బిడ్డా? తన ఆకుల సారం తనే తినుకుంట బతుకుతది. ఉన్నన్నాళ్లు పచ్చగనే కనవడ్తది. అయిపోయిన్నాడు ఒక్కతీరుగ అయిపోతది" అంది. అవతల సుజాత, "అక్కా, వచ్చి తీసుకపో. నేనే దించుత" అంది.

అలా ఆ పొద్దున అది నా దోసిట్లో పడింది. పాత చీర ముక్కలో చుట్టుకుని, హనుమకొండలో బస్సు మారి, ఒళ్లో పెట్టుకుని వచ్చాను. తల పైకి పెట్టాలా, అలవాటైనట్టు కిందికే ఉంచాలా తెలియక దారంతా అడ్డంగా పట్టుకున్నాను. పక్క సీటామె, "ఎవలింట్ల గృహప్రవేశమమ్మా?" అని అడిగింది. "గృహప్రవేశం కాదు, దించుకొస్తున్నం" అన్నాను. ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది.

మహబూబాబాద్‌లో మా ఇంటి ముందు అత్త చీపురుకట్ట మీద గడ్డం ఆనించుకుని నా కోసం కాచుకుని కూర్చుంది. మొక్కను ఒళ్లో పెడితే మొదట వాసన చూసింది. తర్వాత మొదలు తడిమి, కింద ఎండి రాయిలా గట్టిపడ్డ గాటును బొటనవేలితో రుద్దింది. "బూడిద అక్కరలేదు. దీని పుండు ఎప్పుడో మానింది" అంది. యాదగిరి ఊరి నుంచి మొరమూ వాగు ఇసుకా సంచిలో పంపాడు, వెంట ఒక్క నీటి పైపు కూడా పంపలేదని ఫోన్లో తనే జోకేశాడు. అత్త తన చేత్తోనే పాతింది. నిలబెట్టాక చూస్తే, అంతకాలం తలకిందులుగా ఉండి వెలుతురు వైపు పైకి తిరిగిన ఆకులన్నీ ఇప్పుడు నేల వైపు వంగి ఉన్నాయి. ఆ సంగతి నేను చెబితే, "సిగ్గువడుతున్నది. నిమ్మళంగ లేస్తది" అంది. ఆ సాయంత్రం, ఆమె దానితో ఏదో మాట్లాడడం వంటింట్లోంచి విన్నాను. ఏమిటో వినబడకుండా స్టేషన్ నుంచి రైలు కూత అడ్డం వచ్చింది.

మా చిన్నప్పుడు ఆ కంచె ఇంటికి ఇంత ముఖ్యమని ఎవరం అనుకోలేదు. అడగకుండా పెరిగేది, అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాళ్లం. ఇప్పుడు నీళ్లున్నాయి, నేలలున్నాయి, కలబంద గుజ్జు సీసాల్లో ప్రతి దుకాణంలో ఉంది. మా ఇంటి కలబంద మాత్రం ఒక కుండీలో, తల వంచుకుని ఒక్కటే ఉంది. దాన్ని చూసుకోవడానికి ఇల్లంతా కలిసి చేయగలిగింది ఏమీ చేయకుండా ఊరుకోవడమే. అది మాకు చాలా కష్టంగా ఉంది. పక్కన నర్సరీ మొక్కకు నీళ్లు పోస్తూ, చెయ్యి అలవాటు కొద్దీ ఇటు తిరగకుండా చూసుకోవాల్సి వస్తోంది.

సుజాత ఇంటి మేకు ఇంకా ఖాళీగానే ఉంది. వేరే మొక్క కట్టనని ఆమె, ఈ మొక్క పిల్ల పెట్టాక దాన్నే తీసుకెళ్లి మళ్లీ తానే కడతానని అత్త. మరిది డ్యూటీకి వెళ్లినప్పుడల్లా సుజాత నాకు ఫోన్ చేస్తుంది. "అక్కా, వేరొచ్చిందా?" అంటుంది. "తెల్వదే" అంటాను. "జర లాగి సూడరాదు?" అంటుంది. వెనక నుంచి అత్త, "ఇంక మారలే గీ పిల్ల!" అని కేకేస్తుంది. మేం లాగి చూడలేదు. ఆకులు పచ్చగానే ఉన్నాయి. భూపాలపల్లిలో మట్టే లేకుండా గాల్లో వేలాడినన్నాళ్లూ అవి పచ్చగానే ఉన్నాయి.